అగ్గిపెట్టె మీది గీత

"చీతాఫైట్ ఒకటి ఇయ్యప్పా." అనంతపురం పల్లెల్లో అంగడికి పోయినవాళ్లు అగ్గిపెట్టెను అట్లానే అడిగేవాళ్లు. పెట్టె మీద ఏ భాషలో ఏం రాసుందో వాళ్లకు అక్కర్లేదు. నిలువునా లేచిన చిరుత, దాంతో కలబడిన మనిషి కనపడితే చాలు. ఆ బొమ్మే సరుకు పేరు, పుల్ల సరిగ్గా వెలుగుతుందనే నమ్మకం కూడా ఆ బొమ్మదే. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. కోట్లమందికి తమ సరుకును తాము గుర్తుపట్టే వీలు కల్పించే బాధ్యత రెండంగుళాల కాగితం మోసింది. ఆ కాగితం మీద గీసినవాళ్ల పనితనం గురించి తెలుగులో మనం రాసుకున్నది చాలా తక్కువ. లేపాక్షి పైకప్పు బొమ్మల గురించి రాశాం, నిమ్మలకుంట తోలుబొమ్మల గురించి రాశాం. అగ్గిపెట్టె బొమ్మ కూడా వాటి పక్కన నిలబెట్టి చూడదగ్గదే అని నా గట్టి అభిప్రాయం.

ఒక పాత లేబులును భూతద్దం కింద పెట్టి చూడండి. మొదట కనపడేది నల్లగీత. బొమ్మ సైజుతో పోలిస్తే ఆ గీత మందం ఎక్కువ. ఎరుపు, పసుపు, నీలం, నలుపు ఒక్కొక్కటిగా అచ్చు పడతాయి. ఒక రంగు వేసిన కాగితం మీద రెండో రంగు పడేటప్పుడు కాగితం వెంట్రుకవాసి జరిగినా ఎరుపు పెదవి దాటి గడ్డం మీదికి పోతుంది. చౌక కాగితం, చౌక సిరా, తొందర పని. రంగు జరుగుతుందని గీసేవాడికి ముందే తెలుసు. అందుకే జరిగిన రంగు గీత కింద దాక్కునేంత మందంగా నలుపు పెట్టాడు. పసుపు మీద ఎరుపు పడితే నారింజ, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. అంటే నాలుగు రంగుల ఖర్చుతో ఆరేడు రంగులు రాబట్టాడు. తెలుపు కావాలంటే కాగితాన్ని ఉత్తగా వదిలేశాడు. పులి కోర, కొంగ రెక్క, దీపం చుట్టూ వెలుగు, ఇవన్నీ సిరా పడని చోట్లే.

చుట్టూ ఉన్న అంచు సంగతి కూడా చూడాలి. పెద్ద షీటు మీద పదుల కొద్దీ లేబుళ్లు ఒకేసారి అచ్చయి, తర్వాత కత్తి కింద ముక్కలవుతాయి. కత్తి కొంచెం పక్కకు పోతే బొమ్మ ఒకవైపు ఒరిగినట్టు కనపడుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికే చాలా లేబుళ్లకు రెండు వరసల అంచు ఉంటుంది. బయటి వరస తెగినా లోపలి వరస బొమ్మను నిలబెడుతుంది. అలంకారం అని మనం అనుకునేది నిజానికి పనివాడి ముందుచూపు.

చీతాఫైట్ బొమ్మనే తీసుకోండి. రెండు శరీరాలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇంత చిన్న జాగాలో మనిషిని ఒక పక్క, మృగాన్ని ఒక పక్క నిలబెడితే రెండు బొమ్మలవుతాయి, పోట్లాట కాదు. కలబడినప్పుడు రెండూ కలిసి ఒకే ఆకారమవుతాయి. ఆ ఆకారాన్ని మసక వెలుతురులో, గుడ్డిదీపం ముందు, చేతికి అందిన క్షణంలో కన్ను గుర్తుపడుతుంది. చిరుత ఒంటి మీద మచ్చలున్నాయి కాబట్టి మనిషి ఒంటిని వట్టిగా వదిలేయాలి. ఏది గీయకూడదో తెలిసినవాడి పని అది.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు ఇదే దారి పట్టారు. గట్టి నల్లగీత, దాని లోపల నీడలు లేని చదును రంగు, పక్కకు తిప్పిన ముఖం, తేటగా కనపడే పెద్ద కన్ను. అక్కడ చూసేవాడు కింద నేల మీద నిలబడి తల ఎత్తి చూడాలి. ఇక్కడ బొమ్మే గోరంత. దూరమైనా, చిన్నదైనా, కంటికి వచ్చే ఇబ్బంది ఒకటే, పరిష్కారమూ ఒకటే అయింది. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. ఇబ్బంది ఒకటే అయినప్పుడు మంచి చేతులు ఒకే చోటికి చేరతాయి.

అగ్గిపెట్టె బొమ్మ గీసిన చేతులు ఎవరివి? ఎక్కువ పెట్టెల మీద తమిళనాడులోని శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి, గుడియాత్తం అనే ఊళ్ల పేర్లుంటాయి. 1922లో ప్రభుత్వం దిగుమతి అగ్గిపెట్టెల మీద గ్రోసుకు, అంటే 144 పెట్టెలకు, రూపాయిన్నర సుంకం వేసింది. ఆ సుంకం రెండు పనులు చేసింది. ప్రపంచ అగ్గిపెట్టెల వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న స్వీడన్ వాళ్లు 1923లో ఇక్కడే విమ్‌కో కంపెనీ పెట్టారు. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా పోయి పని నేర్చుకొని, తిరిగివచ్చి సొంత ఊళ్లో మొదలుపెట్టారు. విమ్‌కోది యంత్రాల పని. శివకాశిది చేతిపని. తెరచాపల ఓడ బొమ్మతో విమ్‌కో వాళ్ల షిప్ పెట్టె ఊరూరా తిరిగింది. శివకాశి వైపు నుంచి వందల రకాల బొమ్మలు వచ్చాయి. బొమ్మల వైవిధ్యం చూడాలంటే శివకాశి వైపే చూడాలి.

అది ఎండ నేల. పంట వానమీద ఆధారం, వాన నమ్మకం లేనిది. గాలిలో తేమ తక్కువ కాబట్టి పుల్లలు ఎండలో తొందరగా ఆరతాయి, మందు చెమ్మగిల్లదు. పొలం పని ఏడాది పొడుగునా ఉండదు కాబట్టి చేతులు ఖాళీగా దొరుకుతాయి. అనంతపురం వాళ్లకు ఈ వర్ణన కొత్త కాదు. నైరుతి వానను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యపు వాన తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం పోతుంది. మన దగ్గర ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక కరువు నేల అగ్గిపెట్టె చేసింది, ఇంకో కరువు నేల దాన్ని కొనుక్కొని పొయ్యి ముట్టించుకుంది. కోవిల్‌పట్టి చెక్కీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది చేసేది వేరుశనగపప్పుతోనే. శనక్కాయ మన పంట కూడా కదా అని ఆ వార్త చదివినప్పుడు నాకు చుట్టరికం కలిసినట్టయింది.

చుట్టరికం అంతకంటే దగ్గరిది ఇంకోటుంది. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. తమిళంలో గొప్ప కథకుడైన కి. రాజనారాయణన్ అక్కడి ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన తెలుగింటి బిడ్డ. తెలుగునేల నుంచి వలసపోయినవాళ్ల కథను ఆయన నవలలు చేశాడు. 1991లో సాహిత్య అకాడమీ బహుమానం అందుకున్నాడు. క్యాలెండర్ దేవుళ్ల బొమ్మలకు పేరుపడ్డ సి. కొండయ్య రాజు (1898–1976) కోవిల్‌పట్టిలోనే స్థిరపడ్డాడు. ఆయనదీ తెలుగు రాజుల కుటుంబమే. ఆయన శిష్యుల సంతకాలతో శివకాశిలో అచ్చయిన లక్ష్మీ, మురుగన్, కృష్ణుడు మన గోడల మీదికి వచ్చారు. క్యాలెండర్ మీద సంతకం ఉంది. అగ్గిపెట్టె మీద సంతకం లేదు. అన్ని లక్షల ఇళ్లకు చేరిన గీతకు గీసినవాడి పేరు తెలియకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

పేరు లేని చేతులు ఇంకా ఉన్నాయి. చెక్కపొర మడిచి పెట్టె చేసినవి, లేబులు అంటించినవి, పుల్లలు చట్రంలో పేర్చినవి ఎక్కువగా ఆడవాళ్ల చేతులు, చాలా ఏళ్లపాటు పిల్లల చేతులు. కూలి గ్రోసు లెక్కన. 1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది. శివకాశి పిల్లల గురించి ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పు చెప్పింది. పనితనాన్ని మెచ్చుకునేవాడు ఈ సంగతి దాచి మెచ్చుకోకూడదు. పాత పెట్టె మీద లేబులు ఒక మూల ముడత పడి ఉంటే, అది ఏ చిన్న వేలు జారిన గుర్తో అనే ఆలోచన నాకు రాక మానదు.

ఇక బొమ్మల్లోని విషయాలకు వద్దాం. ముందు పెట్టె మన ఇళ్లకు ఎట్లా వచ్చిందో చూడాలి. అగ్గిపెట్టె రాకముందు గొర్రెలకాపరి నడుముకు చెకుముకి సంచి ఉండేది. రాయి, ఉక్కుముక్క, దూది. ఇంట్లో నిప్పు ఆరిపోతే పిడకముక్కతో పక్కింటికి పోయి తెచ్చుకునేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో స్వీడన్ నుంచి, తర్వాత జపాన్ నుంచి పెట్టెలు దిగాయి. మన దేవుళ్లను జపాన్‌లో గీసి, అక్కడే అచ్చువేసి మనకే అమ్మారు. ఆ లేబుళ్లలో దేవత నగల పనిని అంత నాజూకుగా చెక్కినవాళ్లు ఆ దేవత గుడిని ఎన్నడూ చూసి ఉండరు. అయినా భక్తి తగ్గలేదు, పని నాణ్యతా తగ్గలేదు. స్వదేశీ ఉద్యమం వచ్చాక రాట్నం, భరతమాత, నాయకుల ముఖాలు పెట్టె ఎక్కాయి.

స్వాతంత్ర్యం తర్వాతి బొమ్మలే నాకు ఎక్కువ ఇష్టం. తాళంచెవి, గొడుగు, సైకిలు, కోడిపుంజు, మామిడికాయలు, ఎద్దులబండి. తర్వాత రేడియో, టెలిఫోను, ట్రాక్టరు, విమానం, రాకెట్టు. ఇంట్లో ఉన్న వస్తువులు ముందు వచ్చాయి, ఇంట్లోకి రావాలని ఆశపడిన వస్తువులు వెనకొచ్చాయి. టెలిఫోను చూడని పల్లెకు టెలిఫోను బొమ్మ ముందుగా చేరింది. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రిభుజం గోడల మీద కనపడిన రోజుల్లోనే అగ్గిపెట్టెల మీద కూడా కనపడింది. సర్కారు మాట వంటింట్లోకి పోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. సేకరించేవాడికి ఇది ఒక తరం నిత్యజీవితపు పట్టిక. ఏ వస్తువును జనం గుర్తుపడతారని వ్యాపారి నమ్మాడో అదే బొమ్మయింది. అమ్ముడుపోని బొమ్మ మరుసటి ఏడు కనపడదు. వారెన్ డాట్జ్ అనే అమెరికన్ 2007లో భారతీయ అగ్గిపెట్టె బొమ్మల మీద ఒక పుస్తకమే వేశాడు. ఆ పని మన భాషల్లో కూడా జరగవలసింది.

లేబులు వయసు చెప్పడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. భూతద్దంలో చుక్కలు గజిబిజిగా, చేత్తో పెట్టినట్టు ఉంటే పాత రాతి అచ్చు. ఒకే వరసలో, ఒకే దూరంలో ఉంటే తర్వాతి ఆఫ్‌సెట్. పెట్టెకు పన్ను కాగితపు పట్టీ అంటి ఉంటే 1934 ఎక్సైజ్ చట్టం తర్వాతిది. లేబులు విడిగా అంటించి ఉంటే చెక్కపెట్టె కాలం, అట్ట మీదే అచ్చయి ఉంటే ఆ తర్వాతి కాలం. ధర మరో ఆధారం. 1995లో పెట్టె అర్ధరూపాయి అయింది, 2007లో రూపాయి. పద్నాలుగేళ్లు కదలక, 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. అంతకాలం ధర మారని సరుకు మన అంగళ్లలో ఇంకోటి నాకు తోచదు.

చెక్కపెట్టె మీది లేబులు తీయాలంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచాలి. జిగురు వదిలాక చివర పట్టుకొని నెమ్మదిగా జరపాలి, లాగకూడదు. రెండు పాత పేపర్ల మధ్య ఆరబెట్టి, పైన బరువు పెట్టాలి. పుస్తకంలో జిగురుతో అంటించడం పాపం కింద లెక్క. మూలలు పట్టే కాగితపు తొడుగులు చాలు. అట్టపెట్టెను విప్పి చదును చేసి, గీసే పక్కభాగం ఇంకో లేబులుకు తగలకుండా మధ్యలో కాగితం పెట్టాలి. అక్కడ ఎర్ర భాస్వరం ఉంటుంది, మరక చేస్తుంది. తేమ లేని మన గాలిలో కాగితానికి బూజు భయం తక్కువ. చెదల భయం మాత్రం ఉంది. మట్టిగోడ అలమరలో పెట్టకండి.

1999లో దీపం పథకంతో పల్లె ఆడవాళ్లకు గ్యాసు పొయ్యిలు వచ్చాయి, వాటి వెంట లైటర్లు వచ్చాయి. అగ్గిపెట్టె ఇప్పుడు దేవుడి గూటికి, బీడీకి, కరెంటు పోయిన రాత్రికి పరిమితమవుతోంది. పల్లెల్లో పాత కిరాణా అంగళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. కదిరిలో, ఉరవకొండలో, కళ్యాణదుర్గంలో, మడకశిరలో తాతలనాటి అంగడి ఉన్నవాళ్లు అటక మీది డబ్బాలు చెత్తబండికి వేసేముందు ఒకసారి విప్పి చూడండి. చిన్నప్పుడు అగ్గిపెట్టె అట్టలతో ఆడుకున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్ల ఆటలో ఏ బొమ్మకు ఎక్కువ విలువో అడిగి రాసుకోండి. దొరికిన ప్రతి లేబులు వెనక పెన్సిల్‌తో ఊరిపేరు, ఏడాది, ఇచ్చినవాళ్ల మాట రాసిపెట్టండి. గీసినవాళ్ల పేర్లు మనకు దక్కలేదు, కనీసం కొన్నవాళ్ల ఊళ్ల పేర్లయినా మిగలాలి.