మన్యం నడక

నర్సీపట్నం దాటి చింతపల్లి రోడ్డు పట్టుకుంటే కాసేపటికి ఘాట్ మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో శని, ఆదివారాలు తెల్లవారుజామునే ఈ దారంతా విశాఖ కార్లు, బైకులు. అందరికీ కావలసింది లంబసింగి మంచు, పక్కనున్న చెరువులవేనం కొండ మీంచి కనిపించే మబ్బులు. వచ్చేవాళ్లకు ఖరీదైన బూట్లుంటాయి, ఫోనులో మ్యాపుంటుంది. కొండ నడవడం తెలిసినవాళ్లు హవాయి చెప్పులతో సంతకు పోతూ ఎదురవుతారు.

వాళ్ల అడుగు చూడండి, చిన్నది. ఎక్కేటప్పుడు మాట్లాడుకుంటూ పోగలిగినంత వేగమే. ఆయాసమొచ్చిందంటే తొందరపడ్డట్టే లెక్క. దిగేటప్పుడు మోకాళ్లు కాస్త వంచి, పాదం పూర్తిగా ఆనించి దిగుతారు. జట్టులో ముసలాయన ఉంటే అందరూ ఆయన వేగంతోనే నడుస్తారు. కావడి మోసేవాడైతే బద్ద వంగి లేచే ఊపుకు అడుగు కలుపుతాడు. ఊపు తప్పితే బరువంతా భుజం మీదే.

అసలు విద్య గెడ్డ, అంటే కొండవాగు దగ్గర బయటపడుతుంది. పైకొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా గెడ్డ పొంగుతుంది. నీళ్ల రంగు మారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే తెలిసినవాడు దిగడు. ఒడ్డునే కూర్చుంటాడు, గంటైనా పూటైనా. దాటక తప్పదంటే నీళ్లు వెడల్పుగా, పల్చగా పారే చోటు వెతికి, కర్రతో లోతు చూసుకుంటూ దాటుతాడు. మనకు కూర్చోవడమే చేతకాదు. సోమవారం ఆఫీసుంది కదా!

ఈ నడక సత్తా తెల్లదొరలకు 1922లో తెలిసొచ్చింది. నర్సీపట్నం, లంబసింగి మధ్య రోడ్డు పనిలో గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించిన అధికారి బాస్టియన్. ఆ కడుపుమంట కూడా కలిసి అల్లూరి సీతారామరాజు వెనక జనం కదిలారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ముందు నడిచిన పోలీసు దళాన్ని పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరలను కాల్చారు. ఇరుకుదారిలో మనుషులు ఎలా బారులుగా నడుస్తారో ఆ కొండవాళ్లకు తెలుసు.

ఇప్పటి నడకకు వస్తే, లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకే మైదానం కన్నా ఆరేడు డిగ్రీల చలి ఎక్కువ. చెమటకు తడిసిన నూలు చొక్కా ఆ చలిలో ఆరదు, పొడిది ఒకటి సంచిలో ఉండాలి. శీతాకాలంలో ఐదున్నరకే పొద్దుగుంకుతుంది కనుక మధ్యాహ్నానికల్లా వెనుదిరగాలి. పాము కరిస్తే కోయడాలు, గట్టిగా కట్టడాలు వద్దు. కాలు కదలనీయకుండా ఆసుపత్రికి మోసుకుపోవాలి. రాత్రి దోమతెర తప్పదు. ఇంటికొచ్చాక కొద్ది వారాల్లో జ్వరమొస్తే మన్యం వెళ్లామని డాక్టరుకు ముందే చెప్పండి, మలేరియా పరీక్ష చేస్తారు.

ఈ కొండనడక విద్యను మరీ నెత్తికెత్తుకోవడం నాకిష్టం లేదు. సరదా కోసం పుట్టింది కాదిది. రోడ్డు లేని కొండ ఊళ్లలో గర్భిణులను, రోగులను ఇప్పటికీ డోలీ కట్టి, భుజాలు మార్చుకుంటూ కిందికి మోస్తున్నారు. సెలవు రోజున కాలు విరిగిన పట్నపు కుర్రాణ్ణి మోయాల్సి వచ్చినా ఆ భుజాలే దిక్కు. అందుకే బయల్దేరే ముందు ఊళ్లో ఎటు వెళ్తున్నారో చెప్పండి. తోడు ఒకరిని అడగండి, కూలి ముందే మాట్లాడి రోజు మొత్తానికీ ఇవ్వండి. వాన చూసి సగం దారిలోంచి వెనక్కి తిప్పినా సరే, అందులో కోత పెట్టకండి.