టేబుల్ ఇంకా పుట్టకముందే

సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లో చాలాసార్లు ముందు ఫైళ్ళు మారతాయి, తర్వాతే డేటాబేస్. ఈ రెంటి మధ్య కొన్ని సెకన్లే పట్టొచ్చు. అడ్మిన్ అప్‌డేట్ బటన్ నొక్కడం మరిచిపోతే రోజులూ గడవొచ్చు. అంతవరకూ కొత్త కోడ్ ఇంకా పుట్టని టేబుల్‌ను వెతుక్కుంటూ ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ ఐతే 1146 నంబరు ఎర్రర్ ఇస్తుంది. దానికి ముందే సిద్ధపడని ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది.

2015 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.4 అలా సిద్ధపడింది. కేటగిరీలు, ట్యాగుల అదనపు వివరాల కోసం అందులో టర్మ్‌మెటా అనే కొత్త టేబుల్ చేరింది. ఆ వివరాలు చదివే ఫంక్షన్ మొదట డేటాబేస్ వెర్షన్ చూస్తుంది. అది 34370 కంటే తక్కువైతే టేబుల్ జోలికి పోకుండా వెనుదిరుగుతుంది. పాఠకుడికి పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది. డేటాబేస్ అప్‌డేట్ చేయాలన్న కబురు అడ్మిన్‌కు మాత్రమే అందుతుంది. ఎవరికి ఏది చెప్పాలో ఎరిగిన కోడ్ అది.

డ్రూపల్ 8 ఇంకో దారి పట్టింది. తాత్కాలిక డేటా దాచుకునే క్యాష్ టేబుల్ లేకుంటే చదివేటప్పుడు ఏమీ దొరకలేదనుకుని సాగిపోతుంది. రాసేటప్పుడు టేబుల్‌ను అప్పటికప్పుడు సృష్టించి మళ్ళీ రాస్తుంది. టేబుల్ ఉండి కూడా రాయడం కుదరలేదంటే, ఆ ఎర్రర్‌ను మాత్రం దాచదు.

క్యాష్ పోతే మళ్ళీ లెక్కగట్టుకోవచ్చు. ఫీజు బకాయిల టేబుల్ సంగతి అలా కాదు. అది కనిపించనప్పుడు కోడ్ ఖాళీ జాబితా చూపిస్తే, కౌంటర్‌లోని గుమాస్తా బకాయిలే లేవనుకుని రసీదు ఇచ్చేస్తాడు. అక్కడ ఏ టేబుల్ లేదో పేరు పెట్టి చెప్పి ఆగిపోవడమే మర్యాద. ఏ ఎర్రర్ వచ్చినా ‘టేబుల్ లేదు’ అనుకుని మింగేసే కోడ్ మరీ ప్రమాదం: డిస్క్ నిండినా, పాస్‌వర్డ్ మారినా ఎవరికీ తెలియదు.

‘లేకపోతేనే సృష్టించు’ అనే ఆదేశమూ పూర్తి భరోసా కాదు. అది టేబుల్ పేరు చూస్తుంది గాని, లోపలి కాలమ్‌లు సరిపోయాయో లేదో చూడదు. పైగా మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ మార్పులు ఎప్పటికప్పుడు ఖాయమైపోతాయి. పోస్ట్‌గ్రెస్‌లోలా మొత్తం వెనక్కి తీసుకునే వీలు లేదు. అందుకే విడుదలకు ముందు డేటాబేస్ నకలు తీసి, అందులో టేబుళ్ళను మార్చే మైగ్రేషన్‌ను కావాలనే సగంలో ఆపి, ప్రతి పేజీ తెరిచి చూడాలి. ఆ తర్వాత అదే మైగ్రేషన్‌ను మళ్ళీ మొదటినుంచి నడిపించి, ఈసారి చివరిదాకా వెళ్తుందో లేదో చూడాలి.