తాకిన చోట గీత ఉండదు

రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో ఆ ఫొటో అంత ఉంటుంది. కుర్చీలో ఖాకీ బట్టల్లో ఒక మనిషి, రెండు చేతులూ మోకాళ్ళ మీద. వెనక స్టూడియో తెర, దాని మీద రంగులతో వేసిన మెట్లు, పూలకుండీ. పక్కన ఐదేళ్ళ పిల్ల. ఇద్దరూ కెమెరానే చూస్తున్నారు. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు లేదు. పిల్ల ఎడమ చెయ్యి మాత్రం ఆయన చొక్కా అంచును గుప్పిట బిగించి పట్టుకుంది. ఫొటో తీసేవాడి కంట పడి ఉంటే ఆ చెయ్యి తీయించేసేవాడు. పడలేదు, అది మా అదృష్టం.

ఆ పిల్ల మా అమ్మమ్మ. ఖాకీ మనిషి వాళ్ళ నాన్న. 1942లో మిలటరీకి వెళ్ళే ముందు చిలకలూరిపేటలో తీయించుకున్న ఫొటో అది. డెబ్బై ఏళ్ళు బియ్యం డబ్బాలో, ట్రంకు పెట్టెలో, భాగవతం పేజీల మధ్య తిరిగి తిరిగి నా చేతికొచ్చింది. "ఒరేయ్ నాయనా, దీన్ని కాస్త పెద్దది చేసి పెట్టరా" అంది అమ్మమ్మ. పెన్సిలుతో వెయ్యమనే ఆమె ఉద్దేశం. ఆమెకు తెలిసిన పెద్ద ఫొటోలన్నీ పెన్సిలుతో వేసినవే.

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పాత ఇళ్ళకు వెళితే నడవాలో ద్వారబంధం పైన అలాంటి బొమ్మలు ఇప్పటికీ వేలాడుతుంటాయి. కాస్త ముందుకు వంగిన ఫ్రేము, ఎండిన గంధపు దండ, పైన చిన్న ఎర్ర బల్బు. దూరం నుంచి ఫొటో అనుకుంటాం. దగ్గరికెళితే మీసంలో వెంట్రుక వెంట్రుకా పెన్సిలు గీతే. ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు పెళ్ళి గ్రూపు ఫొటోనో, రేషన్ కార్డు మీది ఫొటోనో పట్టుకుని గుంటూరుకో, నరసరావుపేటకో, ఒంగోలుకో పరిగెత్తేవాళ్ళు. పెద్దకర్మ నాటికి కావాలని గడువు. వేసిచ్చేది సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టో, హైస్కూలు డ్రాయింగు మాస్టారో. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయాక కూడా ఈ బొమ్మలే కొందరికి అన్నం పెట్టాయి. ఇన్ని ఇళ్ళలో ఇంత ఓర్పుగా చేసిన పని గురించి రాసింది మాత్రం బహు తక్కువ. తెనాలి దగ్గర తుమ్మపూడిలో కూర్చుని ప్రపంచ చిత్రకళ గురించి జీవితమంతా తెలుగులో రాసిన సంజీవదేవ్‌లాంటి వారు పుట్టిన నేల ఇది. ఆ నేల మీద గోడకు వేలాడే ఈ పెన్సిలు బొమ్మకు కూడా ఒక మాట దక్కాలి.

అందులోనూ యుద్ధకాలపు ఫొటోలది వేరే లెక్క. రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు, 87 వేల మందికి పైగా తిరిగి రాలేదు. గోదావరి వైపు మాధవరానికి ఇంటింటా సైనికులుండి మిలటరీ మాధవరమనే పేరొచ్చింది. మన వైపు ఊళ్ళకు అంత పేరు రాకపోయినా యుద్ధం గుమ్మం దాకా రాలేదని కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ప్రకాశం జిల్లా మెట్టలో దొనకొండ దగ్గర ఆ యుద్ధం కోసం వేసిన విమానాల మైదానం ఇంకా ఉంది. అప్పట్లో ఊరు దాటి ఎరగని కుర్రాళ్ళు బర్మాకు, ఈజిప్టుకు, ఇటలీకి వెళ్ళారు. వెళ్ళే ముందు ఒక్కసారి స్టూడియో మెట్లెక్కారు. చాలామందికి అదే మొదటి ఫొటో, కొందరికి అదే ఆఖరిది.

ఆ ఫొటోల్లో ముద్దులుండవు, కౌగిళ్ళుండవు. న్యూయార్కు వీధిలో నావికుడు ఒక అమ్మాయిని ముద్దుపెట్టుకున్న 1945 నాటి ఫొటోను ప్రపంచమంతా పెన్సిలుతో వేసింది. ఆ అమ్మాయి మాత్రం అతనెవరో తనకు తెలియదని, తనను అడగలేదని తరవాత చెప్పింది. నాకా బొమ్మ వెయ్యాలని ఎప్పుడూ అనిపించలేదు. మనవాళ్ళ ఫొటోలో ఆపేక్షంతా వేళ్ళలో ఉంటుంది. భార్య చెయ్యి కుర్చీ వీపు మీద ఉంటుంది, భర్త భుజానికి అంగుళం ఇవతల ఆగిపోయి. తల్లి కొడుకు పక్కన నిటారుగా నిలబడుతుంది గానీ ఆమె కొంగు అతని మోచేతి మీద పడి ఉంటుంది. ఆ అంగుళాన్ని, ఆ కొంగును పట్టుకోలేకపోతే ఎంత బాగా పోలిక కుదిరినా ఆ బొమ్మ గుర్తింపు కార్డే.

పట్టుకోవడానికి మొదటి మెట్టు గళ్ళు కట్టడం. ఫొటో మీద గీయకూడదు, అది పాపం. పైన పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద అర సెంటీమీటరు గళ్ళు, డ్రాయింగు షీటు మీద మూడు సెంటీమీటర్ల గళ్ళు. అంటే బొమ్మ ఆరింతలవుతుంది. సినిమా బ్యానర్లు వేసినవాళ్ళూ ఇదే లెక్కతో గోడంత ముఖాలు వేశారు. కాగితం మీది గళ్ళు హెచ్‌బితో, ఊపిరి తగిలితే పోతాయా అన్నంత తేలిగ్గా గీయాలి. గట్టిగా నొక్కితే కాగితంలో గాడి పడుతుంది. ఆ తరవాత ఎంత చెరిపినా చెంప మీద తెల్లగీతై తేలుతుంది.

మా మాస్టారు ఇక్కడో కిటుకు చెప్పేవారు. ఫొటోనూ కాగితాన్నీ రెండింటినీ తలకిందులుగా తిప్పి వెయ్యమనేవారు. తిప్పగానే ముక్కు ముక్కు కాకుండా పోతుంది, ఒక నీడా దాని పక్కన ఒక వెలుగూ మిగులుతాయి. మనకు తెలిసిన ముక్కు వెయ్యడం మానేసి ఎదురుగా ఉన్న ముక్కు వేస్తాం. కళ్ళు చిట్లించి చూడమనడమూ అందుకే. చిన్న చిన్న వివరాలు కరిగిపోయి నలుపు, బూడిద, తెలుపు మూడే నిలుస్తాయి.

తరవాత షేడింగు. తెలుపు మనం వేసేది కాదు, కాగితంలో ముందే ఉన్నది. కంట్లో మెరిసే చుక్కను మొదటి రోజే వదిలేసి చివరిదాకా కాపాడుకోవాలి. లేతవి ముందు, చిక్కనివి తరవాత. ఎడమ నుంచి కుడికి, చేతి కింద తెల్లకాగితం పెట్టుకుని. చర్మానికి 2బి, నీడలకు 4బి, జుట్టుకు 6బి. అంతకంటే నలుపు కావాలంటే గ్రాఫైటు మెరుస్తుందే తప్ప నల్లబడదు, అక్కడ బొగ్గు పెన్సిలు అందుకోవాలి. కాగితం చుట్టి చేసిన స్టంపుతో రుద్దితే నునుపొస్తుంది. ఆ నునుపు మీద మోజే చాలా బొమ్మల్ని పాడుచేసింది. ఖాకీ చొక్కా, నాన్న బుగ్గ, చెక్క కుర్చీ అన్నీ ఒకే తీరుగా పాలరాయైపోతాయి. ఖాకీకి నేత ఉంటుంది. అడ్డం గీత మీద నిలువు గీత పడాలి. రుద్దకూడదు.

ఇక నేను ఈ విద్యకంతా ప్రాణమనుకునే సంగతి. ఇద్దరు మనుషులు ఒకరినొకరు తాకిన చోట గీత ఉండకూడదు. కొత్తవాళ్ళు తండ్రి చెంపకు ఒక గీత, దానికి ఆనుకున్న పిల్ల జుట్టుకు ఒక గీత గీస్తారు. రెండు గీతలు పడగానే ఇద్దరూ విడిపోతారు. కత్తిరించి అంటించిన రెండు బొమ్మల్లా ఉంటారు. నిజంగా అక్కడ ఉండేది ఒక్కటే నీడ, ఇద్దరిదీ కలిపి. చెంప నీడలోంచి జుట్టు మొదలవ్వాలి, ఎక్కడ మొదలైందో వేసినవాడికే తెలియకూడదు. అమ్మమ్మ గుప్పిట, వాళ్ళ నాన్న చొక్కా అంచు కలిసిన ఆ ఒక్క గడి మీద నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. ఫొటోలో అది పెసరగింజంత. భూతద్దంలో చూస్తే వేళ్ళు లేవు, మసక ఉంది. బొటనవేలు లోపలికి మడిచిందని మాత్రం తెలుస్తోంది. ఆ ఒక్క వేలే వేశాను. మిగతావి మసకగానే వదిలాను. చొక్కాలో మూడు ముడతలు ఆ గుప్పిట వైపు లాగినట్టుగా వచ్చాయి. పట్టు ఎంత గట్టిదో వేళ్ళకంటే ఆ ముడతలే బాగా చెబుతాయి.

తాకని చోట సంగతి వేరు. 1940 అక్టోబరు 1న కెనడాలోని న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో క్లాడ్ డెట్లాఫ్ తీసిన ఫొటో ఒకటుంది. సైనికులు వరసకట్టి వీధిలో దిగి వస్తుంటే ఐదేళ్ళ పిల్లాడు తల్లి చెయ్యి విడిపించుకుని నాన్న దగ్గరికి పరిగెడతాడు. నాన్న చెయ్యి వెనక్కి చాస్తాడు. వేళ్ళు ఇంకా కలవలేదు. వెనక నుంచి తల్లి చెయ్యి చాస్తూనే ఉంది. ఈ బొమ్మ వేసేటప్పుడు ముఖాలకంటే ముందు ఆ ఖాళీలను కొలవాలి. ఒక్క మిల్లీమీటరు తగ్గినా చేతులు కలిసిపోయినట్టుంటాయి, పెరిగితే ఇక అందవనిపిస్తుంది. ఆ తండ్రి యుద్ధం అయ్యాక తిరిగొచ్చాడు. అది తెలిసి కూడా వేస్తున్నంతసేపూ గుండె పట్టేసినట్టే ఉంటుంది.

ఆశ్చర్యమేమిటంటే ఇప్పుడు మనం వాడే ఈ పెన్సిలే యుద్ధంలో పుట్టింది. మంచి గ్రాఫైటు ఇంగ్లండులోని బారోడేల్ గనుల్లో దొరికేది. ఫ్రెంచి విప్లవం తరవాత ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ యుద్ధమొచ్చి ఆ సరుకు ఆగిపోయింది. అప్పుడు నికొలా జాక్ కాంటే నాసిరకం గ్రాఫైటు పొడిని మట్టితో కలిపి కాల్చి ములుకులు చేశాడు, 1795లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మట్టి ఎక్కువైతే గట్టి ములుకు, తక్కువైతే మెత్తని ములుకు. మనం కొట్లో అడిగే హెచ్‌లూ బిలూ ఆ పాళ్ళ నుంచి వచ్చినవే.

కాగితం మాటకొస్తే మన నల్లరేగడే గుర్తొస్తుంది. కలప గుజ్జుతో చేసిన చవక షీటు పదేళ్ళకు పసుపెక్కి, ఇరవయ్యేళ్ళకు అంచులు పెళుసెక్కుతుంది. తరాలు నిలవాలంటే పత్తి నారతో చేసిన కాగితం కావాలి. చుట్టూ పత్తి పండే ఊళ్ళో కూర్చుని ఆ కాగితం కోసం హైదరాబాదుకు ఆర్డరు పెట్టుకోవడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. ఇంకో కష్టం మిరప కోతలప్పుడు. కల్లాల్లో కాయలు ఎండే నెలల్లో గాల్లో ఘాటు, సన్నటి ఎర్ర దుమ్ము. తుమ్మితే కాగితం మీద తుంపర పడుతుంది, తడి తగిలిన చోట గ్రాఫైటు మళ్ళీ సరిగ్గా పట్టదు. అందుకే ఆ నెలల్లో తలుపులు మూసుకుని, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని కూర్చుంటాను.

ఒక్కోసారి జనం రెండు ఫొటోలు తెస్తారు. ఆయన మిలటరీ ఫొటో ఒకటి, ఆమెది ముప్పై ఏళ్ళ తరవాత తీసింది ఇంకొకటి. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు, పక్కపక్కన కూర్చోబెట్టమంటారు. ఇది కూడా ఈ విద్యలో పాతపనే. చెయ్యాలి. వెలుగు ఇద్దరి మీదా ఒకే వైపు నుంచి పడేట్టు మార్చుకోవాలి, కళ్ళ ఎత్తు కలపాలి. ఆమెను పాతికేళ్ళ పిల్లను చెయ్యమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ ముఖం మనం చూసింది కాదు. ఇప్పుడు ఫోన్లలో పాత ఫొటో పెట్టగానే నవ్వించి, రంగులేసి ఇచ్చే యాప్‌లు వచ్చాయి. మసకలో ఉన్న కన్నును ఎవరి కన్నుతోనో నింపుతాయి. ఇంట్లోవాళ్ళు చూసి సంబరపడతారు, రెండో రోజు "మా తాతలా లేడేంటి" అంటారు. పెన్సిలు పట్టుకున్నవాడు తెలియని చోట తెలియదని వదిలేయగలడు. నెల రోజులు ఒక ముఖాన్నే చూస్తూ కూర్చున్నాక ఆ నిజాయితీ దానంతటదే అలవాటవుతుంది.

అయినా ఫొటో కూడా అన్నీ నిజాలే చెప్పదు. ఆ సంగతి నాకు అమ్మమ్మే నేర్పింది. బొమ్మ పూర్తయ్యాక తెచ్చి చూపించాను. వాళ్ళ నాన్నను చాలాసేపు చూసింది. 1946లో ఆయన తిరిగొచ్చినప్పుడు తను గుర్తుపట్టక గాదె వెనక దాక్కున్న సంగతి చెప్పింది. గుప్పిట దగ్గర వేలు ఆపి, తాకకుండా, "గట్టిగానే పట్టుకున్నాను" అంది. తరవాత ముఖం చిట్లించింది.

"పరికిణీ నల్లగా వేశావేంటిరా? అది ఎర్ర పరికిణీ. నాన్న కొన్నాడు."

ఫొటోలో అది నలుపే. బొట్టూ నలుపే. అప్పుడు గుర్తొచ్చింది, ఆ కాలపు స్టూడియోల్లో ఎక్కువగా వాడిన ఫిల్ముకు, ప్లేట్లకు ఎరుపు కనిపించదు. నీలం తెల్లబడుతుంది, ఎరుపు నల్లబడుతుంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని ఆ ఫిల్ము మీద తీస్తే బొగ్గు కుప్పలా వస్తుంది. పాత ఫొటోల్లో మన ఆడవాళ్ళ నుదుట కనిపించే నల్లచుక్కలు చాలావరకు కుంకుమే.

బొమ్మను మళ్ళీ బల్ల మీదికి తెచ్చుకున్నాను. పిండిముద్దలా సాగే రబ్బరును చిన్న ముద్ద చేసి, రుద్దకుండా అద్దుతూ, పరికిణీ మీది గ్రాఫైటును పొరపొరగా ఎత్తాను. రెండు సాయంత్రాలు పట్టింది. నలుపు చిక్కటి బూడిదైంది, బూడిదలోంచి కుచ్చిళ్ళు బయటికొచ్చాయి. వాటి మీద 2బితో సన్నగా మళ్ళీ నేత వేశాను. నుదుటి బొట్టును కూడా అంతే తేలిక చేశాను.

అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి లాక్కుంది.

"ఆ, ఇప్పుడు ఎర్రగా ఉంది" అంది.