పైపు వేశాక

మూత్రం బిగుసుకుపోయిన మనిషి వార్డులోకి వస్తే ఏమైందని అడగనక్కర్లేదు. కూర్చోలేడు, పడుకోలేడు, పలకరిస్తే కసురుకుంటాడు. పొత్తికడుపు గట్టిగా చేతికి తగులుతుంది. మామూలుగా మూత్రాశయం పట్టేది నాలుగైదు వందల మిల్లీలీటర్లు. ఇలాంటివాళ్లకు పైపు వేస్తే లీటరు దాకా దిగడం నర్సులకు కొత్తేం కాదు. పెద్దవయసు మగవాళ్లలో ఎక్కువగా ప్రొస్టేట్ పెరగడమే కారణం. సన్నధారతో, రాత్రిళ్లు పదేపదే లేస్తూ ఎలాగో నెట్టుకొస్తున్న పెద్దాయన జలుబు చేసిందని మందుల షాపులో ఓ బిళ్ల అడిగి వేసుకుంటాడు. ఆ రాత్రికి మొత్తం బంద్. కొన్ని జలుబు మందులు మూత్రాశయం మెడను బిగిస్తాయి మరి.

కేకలు పెట్టేవాళ్ల కంటే నాకు నొప్పే తెలియనివాళ్లతో భయం. మూత్రాశయం నెలల తరబడి నిండిపోయి బొట్టుబొట్టుగా కారుతుంటే, వయసు మీద పడిందనుకుని పంచె మార్చుకుంటూ ఉంటారు. కోడలి ముందు ఎలా చెప్పమంటావంటారు. ఈలోగా మూత్రం వెనక్కి ఒత్తి కిడ్నీలు దెబ్బతింటాయి.

పైపు వేసేటప్పుడు మత్తు జెల్లీ ఎక్కించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. హడావిడి వార్డులో ఆ కాస్త సేపే ఎవరికీ దొరకదు. అడ్డు తగిలితే తోయకూడదు. గట్టిగా ఊపిరి తీసుకోమంటూ ఆగితే కండరం సడలుతుంది. మూత్రం కనబడగానే కొత్తవాళ్లు, పైపు జారిపోకుండా పట్టి ఉంచే బెలూన్ నింపేస్తారు. పైపు ఇంకా లోపలికి, చివరిదాకా పోవాలి. లేకపోతే బెలూన్ నాళంలోనే ఉబ్బి చీల్చేస్తుంది. నింపేది స్టెరైల్ వాటర్, సాధారణంగా 10 మిల్లీలీటర్లు. సెలైన్ వాడితే ఉప్పు పేరుకుని, తీసే రోజున బెలూన్ మొండికేయొచ్చు. వెనక్కి జరిపిన ముందు చర్మాన్ని మళ్లీ ముందుకు తేవడం మరిచిపోతే అది వాచి బిగుసుకుంటుంది.

ఈ బెలూన్ పైపుకు పేరు అమెరికా యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలేది, 1930ల నాటి సంగతి. పైపు మీద ఉండే 16 నంబరు మాత్రం ప్యారిస్ పరికరాల తయారీదారు షారియేర్ పెట్టిన కొలత. మూడు నంబర్లు కలిస్తే ఒక మిల్లీమీటరు మందం. 'పెద్ద సైజు వేయండి సిస్టర్, బాగా వస్తుంది' అంటారు ఇంటివాళ్లు. పెద్దదైతే నాళం ఒరుసుకుపోతుంది, అంతే.

అసలు తప్పు జరిగేది వేశాకే. పైపు వేసిన సంగతే అందరూ మరిచిపోతారు. రోజులు గడిచేకొద్దీ దాని వెంట క్రిములు పైకి పాకుతాయి. అందుకే టామ్సులోసిన్ లాంటి బిళ్ల మొదలుపెట్టి, రెండు మూడు రోజులకు పైపు తీసి చూస్తారు. చాలామందికి ధార మళ్లీ మొదలవుతుంది. డిశ్చార్జి చీటీలో తీసే తేదీ లేకపోతే నిలబెట్టి అడగండి. మూత్రం చేరే సంచి ఎప్పుడూ నడుముకు కిందే ఉండాలి. ఆటోలో ఒళ్లో పెట్టుకుని దిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తాటిచెట్టు మీంచి పడి వెన్ను విరిగిన గీత కార్మికుల కథ వేరు. వాళ్ల మూత్రాశయానికి కబురే అందదు. ఏళ్ల తరబడి సంచి మోయకుండా, రోజుకు నాలుగైదుసార్లు సన్నపైపు తామే వేసుకుని, ఖాళీ చేసి తీసేసే పద్ధతిని 1972లో అమెరికాలో డాక్టర్ జాక్ లాపిడెస్ ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతిసారీ స్టెరైల్ ఏర్పాట్లు అక్కర్లేదు, శుభ్రంగా కడిగిన చేతులు, శుభ్రమైన పైపు చాలన్నాడు. మా వార్డులో ఒకతనికి నేర్పబోతే, "నాతోని కాదు సిస్టర్, మీరే ఎయ్యండి" అని మొహం తిప్పుకున్నాడు. ముందు వాళ్లావిడ నేర్చుకుంది. ఆమె పుట్టింటికి వెళ్లినప్పుడు తప్పక తనే వేసుకున్నాడు. తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు, పక్క బెడ్డు కుర్రాడికి నేను చెప్తుంటే మధ్యలో అందుకున్నాడు: "తమ్మీ, మాటిమాటికి ఎయ్యాలె అని నీళ్లు తాగుడు బంద్ వెట్టకు. ఫోన్ల అలారం వెట్టుకో."