నిలబడి తినే ఊళ్లు, కూర్చుని తినే ఊరు

వెనిస్‌లో సాయంత్రమైతే ఊరివాళ్లు బాకరో అనే చిన్న చిన్న మద్యం కొట్ల మధ్య తిరుగుతారు. ఒక కొట్లో రొట్టెముక్క మీద పెట్టిన చేప, ఇంకో కొట్లో వేయించిన కూర ఉండ, దాంతోపాటు చిన్న గ్లాసు వైను. అన్నీ నిలబడే తింటారు, తిన్నాక పక్క సందులోకి మారతారు. స్పెయిన్‌లో టపాస్ తినేవాళ్లదీ దాదాపు ఇదే వరస. యూరప్ వెళ్లిన మనవాళ్లు డబ్బు కట్టి మరీ చేసొచ్చే ‘ఫుడ్ వాక్’ ఇలాంటి అలవాట్ల మీదే నిలబడింది. ఊరివాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనికి ఒక గైడునీ ఒక టైమునీ తగిలించారు.

ఆ నడక ఇప్పుడు మన జంటనగరాలకూ వచ్చింది. ఎక్కువగా చార్మినార్ చుట్టూ తిప్పుతారు. తప్పేమీ లేదు గానీ, నన్నడిగితే ఈ పనికి అంతకన్నా మంచి దారి బేగంపేటలో మొదలై ప్యారడైజ్ మీదుగా సికింద్రాబాద్ స్టేషన్ దాకా పోయేది. పాతబస్తీలో నిజాం వంటిల్లు ఒక్కటే ప్రధానం. ఈ దారిలో అలా కాదు. కంటోన్మెంటు, రైలు, దేశ విభజన, వ్యాపారం, ఒక్కొక్కటీ ఒక్కో రకం జనాన్ని తెచ్చి ఇక్కడ దింపింది. వాళ్ల వెంట వాళ్ల పొయ్యిలూ వచ్చాయి.

అయితే ఒక చిక్కుంది. మనది నిలబడి తిని కదిలిపోయే ఊరు కాదు. మిర్చిబజ్జీ బండి దగ్గర నిలబడతాం, నిజమే. కానీ ఈ ఊరికి పేరు తెచ్చిన ఇరానీ హోటల్ ఉన్నదే కూర్చోవడానికి. పాలరాతి పలక వేసిన బల్ల, నల్లబడిన కర్ర కుర్చీ, ఒక్క చాయ్ మీద గంటసేపు రాజకీయం. యూరప్ నమూనాను ఉన్నదున్నట్టు ఇక్కడికి దింపి, స్టాపుకు పది నిమిషాల చొప్పున పరుగెత్తిస్తే ఆ చాయ్ రుచి నాలుకకు తగులుతుంది, ఊరు మాత్రం తగలదు. ఇక్కడ గైడు పనితనం ఎంత దూరం నడిపించాడన్న దాంట్లో లేదు. ఎక్కడ కూర్చోబెట్టాడన్న దాంట్లో ఉంది.

బేగంపేటను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూతురు బషీరున్నీసా బేగంకు పెళ్లి కట్నంగా ఇచ్చారనీ, ఆ పేరు అలా వచ్చిందనీ చెప్పుకుంటారు. యూరప్ ముక్క కావాలంటే ఇక్కడే ఉంది. పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లో కార్డోబా మసీదు చూసి ముచ్చటపడిన ఫలితం, 1906 నాటి స్పానిష్ మసీదు. మినార్లు ఉండాల్సిన చోట కోసుగా లేచిన శిఖరాలు కనిపిస్తాయి. పాత విమానాశ్రయం పక్కన రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఇక్కడే. ఇలా బేగంపేటలో చెప్పుకోవడానికి ఉన్నంత తినడానికి లేదు. కాబట్టి తెలివైన గైడు ఇక్కడ కథ చెప్తాడు, టిఫిన్ బండి దగ్గర ఒక్క ఇడ్లీ పెట్టించి ఊరుకుంటాడు. ఆకలి తీరకూడదు, చావకూడదు.

మొత్తం ఐదారు కిలోమీటర్ల దారి. మెట్రో స్తంభాల కింద, ఫుట్‌పాత్ ఉన్నచోట ఉండి లేనిచోట మాయమయ్యే రోడ్డు మీద అంతా నడిపించడం మొండితనమే. బేగంపేట స్టేషన్‌లో ఎక్కి ప్రకాశ్‌నగర్ దాటి రసూల్‌పురాలో దిగితే సరిపోతుంది. నడక పేరు పెట్టుకున్నాక మెట్రో ఎక్కితే తప్పా అని మొహమాటపడే గైడ్లున్నారు. ఎండలో జనాన్ని వాడగొట్టి తరవాత ఏం తినిపించినా రుచించదు.

రసూల్‌పురా నుంచి లోపలికి తిరిగితే సింధీ కాలనీ. దేశ విభజన తర్వాత ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు స్థిరపడిన చోటు. సాయంత్రాలు ఇక్కడ చాట్ బండ్ల ముందు కాలేజీ పిల్లలు కిటకిటలాడతారు. చాలా టూర్లు ఆ పానీపూరీతోనే సరిపెడతాయి. సింధీల అసలు టిఫిన్ దాల్ పక్వాన్. మైదా అప్పడంలా కరకరలాడేలా వేయించిన పూరీ, దాని మీద మెత్తగా ఉడికినా గింజ చెదరని శనగపప్పు, చింతపండు చట్నీ, పచ్చి ఉల్లిపాయ. పూరీని పొడుగునా గాట్లు పెట్టి, పొంగకుండా వేయించడంలో ఉంది కిటుకు. పొంగిందా, అది మామూలు పూరీ అయిపోతుంది. ఆదివారం పొద్దున సింధీ ఇళ్లలో ఇది చేసుకుంటారు. కాలనీలో ఒక ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకుని, పదిమందికి సరిపడా చేయించగల గైడు దొరికితే వదలకండి. అంగడిలో దొరికేది ఎవరైనా చూపిస్తారు. ఇంటి తలుపు తెరిపించాలంటే మాత్రం ఏళ్ల పరిచయం ఉండాలి.

ఇక్కడే మనకే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి చెప్పాలి, ఎంగిలి. బార్సిలోనాలో ఒకే పళ్లెంలో నలుగురు చెయ్యి పెడితే ఎవరూ ఏమీ అనుకోరు. మన గుంపులో పెద్దావిడ ఒకరుంటే ఆ పళ్లెం వంక చూడను కూడా చూడరు. పంచుకోకుండా మనిషికో ప్లేటు చెప్తే మూడో స్టాపు దాకా ఎవరి పొట్టా ఆగదు. అందుకే ఇక్కడి గైడు సంచీలో ఆకు దొన్నెలు, చెంచాలు, ఒక చిన్న కత్తెర ఉండి తీరాలి. వచ్చిన ప్లేటును ఎవరూ ముట్టకముందే వాటాలు వేయాలి. చాయ్‌కి ‘వన్ బై టూ’ మనం ఎప్పుడో కనిపెట్టుకున్నాం, ఆ సూత్రమే మిగతావాటికీ. ఇంకా శనివారం మాంసం ముట్టనివాళ్లు, కార్తీక మాసంలో ఉల్లిపాయ కూడా మానేసేవాళ్లు, హలాల్ అయితేనే తినేవాళ్లు, జైనులు. డబ్బు తీసుకునే ముందే ఈ సంగతులు అడిగి, ప్రతి స్టాపులోనూ రెండో దారి సిద్ధంగా పెట్టుకోవాలి. శాకాహారిని ఖీమా సమోసా దగ్గర నిలబెట్టి ‘మీకు తర్వాత ఏదో చూద్దాం’ అనే గైడుకు ఈ పని రాదని అర్థం.

ప్యారడైజ్ వచ్చేసరికి ఎవరో ఒకరు బిర్యానీ ఎప్పుడని అడుగుతారు. అడక్క ఎలా ఉంటారు? ప్యారడైజ్ అనే సినిమాహాలు పక్కన 1953లో చిన్న కేఫ్‌గా మొదలైంది ఆ హోటల్. హాలు పోయింది, పేరు చౌరస్తాకూ మెట్రో స్టేషనుకూ మిగిలింది. అయినా నా మాట వినేట్టయితే, తినే నడకలో బిర్యానీ పెట్టకూడదు. పచ్చి మాంసాన్ని మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూతకు పిండి అంటించి దమ్ పెట్టే వంటను చెంచాడు రుచి చూసి పోవడం ఆ వంటకూ వండినవాడికీ మర్యాద కాదు. అది పూర్తి భోజనం. ఇంకో రోజు దానికోసమే రండి.

ప్యారడైజ్ దాటాక ఎం.జి. రోడ్డు, పాతవాళ్ల నోట జేమ్స్ స్ట్రీట్. ఇక్కడ తినడానికి ఆగక్కర్లేదు, చూడటానికి ఆగాలి. నిజాం సర్కారుకే అప్పులిచ్చిన పెస్తన్‌జీ, వికాజీ సోదరులు 1847లో కట్టించిన పార్సీ అగ్ని ఆలయం ఈ దారిలోనే ఉంది. పార్సీయేతరులకు లోపలికి ప్రవేశం లేదు. పప్పూ మాంసమూ కలిపి వండే వాళ్ల ధన్‌సాక్ కూడా రోడ్డు మీద దొరికేది కాదు, ఇళ్లలో ఉంటుంది. అలాగే లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్లు క్రిస్మస్‌కు చేసుకునే రోజ్ కుకీలు, పసుపన్నంతో తినే మాంసం ఉండల బాల్ కర్రీ. మద్రాసు సైన్యం వెంట వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మొదలియార్ల ఇళ్లలోని సాంబారు. ఈ ఊరి వంటలో సగం మనకు అందదు, తలుపుల వెనక ఉంటుంది. గైడు ఆ సంగతి దాచకుండా చెప్తే తిన్నదాని విలువా పెరుగుతుంది. సికింద్రాబాద్ అంతా చూపించేశామని చెప్పే టూర్ మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు.

క్లాక్ టవర్ దగ్గరికి వచ్చేసరికి కాళ్లు గుర్తొస్తాయి. ఇది 1897లో మొదలైన గడియారం, రాస్ దోమను చూసిన ఏడాదే. దీని వెనక మోండా మార్కెట్. కూరగాయలు, ఎండుమిర్చి, పూలు, కుండలు. ఇక్కడికి పొద్దున్నే రావాలి. పదింటికి వస్తే తోపులాట తప్ప ఏమీ ఉండదు. అసలు సమయం అనేది ఈ విద్యలో సగం. బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు పొయ్యిలోంచి ఎప్పుడు దిగుతాయి, పాత హోటళ్లలో ఖిచ్డీ ఖీమా ఖట్టా ఎన్నింటికి అయిపోతుంది, నహారీ గిన్నె అడుగు ఎప్పుడు కనిపిస్తుంది, ఇవన్నీ గైడుకు నోటికి రావాలి. ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్‌ను వేడిగా ఒకసారి, చల్లారాక ఒకసారి తినిపించే గైడు ఏ ఉపన్యాసమూ ఇవ్వక్కర్లేదు.

రంజాన్ నెలలో ఈ లెక్కంతా తలకిందులవుతుంది. నడక ఇఫ్తార్ తర్వాతే. గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి భట్టీ మీద ఉడికించి, కర్ర ఘోట్నాలతో ఇద్దరు ముగ్గురు దంచే హలీం అప్పుడు రోడ్డు మీదికొస్తుంది. 2010లో మన హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో మాంసం వంటకానికి అది దక్కడం అదే మొదలు. పళ్లెంలో కన్నా భట్టీ దగ్గరే దీన్ని చూడాలి. దంచేవాళ్ల చేతులు చూశాక ధర గురించి ఎవరూ బేరమాడరు.

చివరి స్టాపు సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట. 1874లో ఇక్కడికి రైలొచ్చింది. రైలు దిగినవాడి మొదటి చాయ్, ఎక్కేవాడి ఆఖరి చాయ్ ఇక్కడే. ఆల్ఫా హోటల్లో ఇప్పటికీ ఆ రద్దీ ఉంది. చాయ్ మాస్టర్ పని దగ్గరుండి చూడండి. మనింట్లోలా పాలూ ఆకూ కలిపి మరిగించరు. డికాక్షన్ ఒక పాత్రలో, మూత బిగించి, సన్న సెగ మీద దమ్‌లో ఉంటుంది. పాలు వేరే పాత్రలో చిక్కబడేదాకా కాగుతూ ఉంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పాలు ఆకుతో కలిసి మరగకపోవడం వల్లే ఆ వగరూ ఆ చిక్కదనమూ ఒకదాన్నొకటి చంపుకోవు. పక్కన చిన్న ఉల్లిపాయ సమోసా. పొర కాగితమంత పల్చన, లోపల ఉల్లిపాయకు అటుకులు కలుపుతారు. ఉల్లి వదిలే నీరు అటుకులు పీల్చుకుంటాయి, సమోసా మెత్తబడదు.

ఇక్కడ అరగంటైనా కూర్చోవాలి. నేను మొదట చెప్పిన మాట ఇందుకే. అప్పటిదాకా విన్న సింధీలు, పార్సీలు, మద్రాసు సిపాయిలు, ఇరాన్ నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన చాయ్‌వాలాలు, అందరి ముచ్చటా మనలో మనం మాట్లాడుకోవడానికి టైము దొరికేది ఈ బల్ల దగ్గరే. గైడు నోరు మూసుకోవాల్సిన చోటు కూడా ఇదే.

గుంపు ఎంతుండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. బార్సిలోనాలోని బొకేరియా మార్కెట్లో పర్యాటకుల తాకిడికి కూరగాయలు కొనేవాళ్లు రావడం మానేస్తున్నారని, 2015లో శుక్ర, శనివారాల్లో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా 15 మందికి తగ్గని గుంపుల్ని రానివ్వకూడదని నిర్ణయించారు. వెనిస్ 2024లో టూర్ గుంపుల్ని 25 మందికి కట్టడి చేసి, లౌడ్‌స్పీకర్లు నిషేధించింది. మనకు అంత మంది ఇంకా రాలేదు. వచ్చాక నిబంధన పెట్టడం కన్నా ఇప్పుడే పదిమందికి మించకుండా చూసుకోవడం మేలు. ఇరానీ హోటల్లో రెండు బల్లలు నిండితే చాలు, మూడో బల్ల రోజూ వచ్చే గిరాకీది. గల్లా ముందు అడ్డంగా నిలబడి కథ చెప్పడం, మాస్టర్‌ను అడక్కుండా ఫోను మొహం మీద పెట్టడం అంగడివాడి కడుపు కొట్టడమే. టూర్ పేరు చెప్పి ఊరికే ప్లేట్లు తినడం, కమిషన్ అడగడం అంతకన్నా చెడ్డది. ఇంకో సంగతి, మూడు గంటల నడకలో ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్ ఎక్కడుందో ముందే చూసిపెట్టని గైడు మిగతాదంతా ఎంత బాగా చేసినా లాభం లేదు. ఈ రోడ్ల మీద అది చిన్న ఏర్పాటు కాదు.

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఇటలీలోని పార్మా 2015 నుంచి ఆ జాబితాలో ఉంది. ఆ గుర్తింపు బిర్యానీ ఫొటోల మీద ముద్రగా మిగిలిపోతే ప్రయోజనం లేదు. పాత ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటే మొబైల్ షాపులుగా మారుతున్నాయి. వారానికి పదిమంది వచ్చి కూర్చుని, డబ్బిచ్చి, ఎలా చేస్తారని అడిగితే ఒక హోటల్ నిలబడుతుందని నేను అనను. అడిగేవాళ్లున్నారని తెలిస్తే మాస్టర్ కొడుకు ఆ పని నేర్చుకోవచ్చు, అంతవరకే నా ఆశ.

మీరు ఇలాంటి నడకకు వెళ్తుంటే డబ్బు కట్టే ముందు ఎన్ని రకాలు పెడతారని అడక్కండి. ఎంతమందిని తీసుకెళ్తున్నారు, అంగళ్లవాళ్లకు పూర్తి ధర ఇస్తున్నారా, ఎక్కడ కూర్చోబెడతారు అని అడగండి. గంటన్నరలో పదిహేను రకాలని ప్రకటన కనిపిస్తే మాత్రం ఆ డబ్బు దాచుకుని, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని మీరే బయల్దేరండి.