ముందు గ్లైడర్, ఆ తర్వాతే రేడియో

రేడియో కంట్రోల్ విమానం ఎగరేద్దామని ఉత్సాహపడే కొత్తవాళ్ళ చూపు ముందుగా యుద్ధవిమానం ఆకారం మీద పడుతుంది. దాని రెక్కలు చిన్నవి, బరువు ఎక్కువ. వేగంగా పోతే తప్ప గాలిలో నిలవదు. చేయి ఇంకా కుదరని మనిషికి ఆ వేగంలో ఆలోచించే వ్యవధి దొరకదు. నన్నడిగితే మొదట తెచ్చుకోవలసింది రేడియో కూడా కాదు, బల్సా చెక్కతోనో ఫోమ్ షీటుతోనో చేసిన చిన్న గ్లైడర్.

ఈ విద్యకు పునాది పడిందీ అలాంటి బొమ్మలతోనే. 1871లో ఆల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు పారిస్‌లోని ట్యూలరీ తోటలో రబ్బరు మెలిక బలంతో నడిచే విమానాన్ని ఎగరేశాడు. అది గాలిలో ఉన్నది 11 సెకన్లే. అయినా తోక రెక్క కుదురుగా అమరడం వల్ల ఎవరూ నడపకుండానే నిలకడగా సాగింది. రైట్ సోదరులకు చిన్నప్పుడు తండ్రి తెచ్చిచ్చిన ఎగిరే బొమ్మ కూడా పెనో నమూనాదే.

గ్లైడర్ ముందుగా నేర్పేది తూకం. రెక్క వెడల్పును ముందంచు నుంచి కొలిస్తే పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య గరిమనాభి ఉండాలి. అక్కడ రెక్కల కింద రెండు చూపుడువేళ్ళు పెట్టి ఎత్తితే విమానం సమంగానో, ముక్కు కాస్త వాల్చో నిలవాలి. ముక్కు బరువైతే విమానం మందకొడిగా ఎగురుతుంది కానీ మాట వింటుంది. తోక బరువైతే ముక్కు పైకెత్తి, వేగం పోగొట్టుకుని కూలుతుంది. ఎంత ఖరీదైన రేడియో అయినా దాన్ని కాపాడలేదు. మోటారు విమానంలోనైతే ఈ తూకాన్ని బ్యాటరీ ముందుకూ వెనక్కూ జరిపి సర్దుతారు.

ఇక రేడియోతో నేర్చుకునేందుకు వాడే ట్రైనర్ విమానం. రెక్క పైభాగాన ఉండాలి, కొసలు కాస్త పైకి లేచి ఉండాలి. అప్పుడది పక్కకు ఒరిగినా తనంతట తానే సర్దుకుంటుంది. మోటారు వేగానికి థ్రాటిల్, ముక్కు ఎత్తి దించడానికి ఎలివేటర్, పక్కలకు తిప్పడానికి రడ్డర్ అనే మూడు చానెళ్ళు ఆరంభానికి చాలు. రేడియో సంగతికొస్తే, అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో ఎగరేసిన ‘గఫ్’ అనే మోడల్ విమానంలో రేడియో పరికరాలు కూడా సొంతంగా తయారుచేసుకున్నవే. ఈనాటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ట్రాన్స్‌మిటర్‌నూ రిసీవర్‌నూ జతచేస్తే సరిపోతుంది.

గాలికి ఎదురుగా వదలండి, ఎదురుగానే దించండి. మలుపులు నేర్చుకునేది ఎత్తులోనే. అసలు చిక్కు విమానం మన వైపుకు తిరిగినప్పుడు వస్తుంది. దాని కుడి మనకు ఎడమవుతుంది, చేయి తడబడుతుంది. అప్పుడు ఏ రెక్క కిందికి వాలితే ఆ వైపుకే స్టిక్ తొయ్యాలి. రెక్క లేస్తుంది. ఇది ఒంటికి పట్టేదాకా కంప్యూటర్ సిమ్యులేటర్ మీద సాధన చెయ్యడం నా దృష్టిలో తప్పనిసరి. నేల దగ్గరవుతుంటే భయంతో ఎలివేటర్ లాగేయడం కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు. వేగం తగ్గిన రెక్క ఎంత లాగినా లేవదు, స్టాల్ అయి పడుతుంది. కాస్త ఎత్తుంటే ముక్కు దించి, థ్రాటిల్ పెంచి, వేగం వచ్చాకే పైకి తియ్యాలి.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని మనిషి లేని గదిలో చార్జింగ్‌కు పెట్టకండి. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడకండి. మంట అంటుకుంటే ఆపడం కష్టం. మన దేశంలో 2021 డ్రోన్ నియమాలు ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా విభజించాయి. విమానాశ్రయాల దరిదాపుల్లో ఎగరేయకండి, మైదానం ఏ జోన్‌లో ఉందో ఆ జోన్ల మ్యాప్‌లో చూసుకుని వెళ్ళండి.

చూపు బాగా మందగించిన 77 ఏళ్ళ మేనార్డ్ హిల్ అనే ఏరోమోడలర్ తయారుచేసిన బల్సా విమానం 2003లో న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్‌కు సుమారు 39 గంటల్లో అట్లాంటిక్ దాటింది. బరువు 5 కిలోలే. సముద్రం మీద దారి చూపింది ఆటోపైలట్, ఆ తేలికదనాన్నీ తూకాన్నీ ఇచ్చింది మాత్రం చేతిపని. పిల్లలకు ఆ చేతిపని అందాలని నా కోరిక. మన కాలేజీల్లోని ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ ఒక భాగం. మీ ఊళ్ళో అలాంటి యూనిట్ ఉంటే, ఏదైనా కొనకముందే పిల్లల్ని తీసుకెళ్ళి ఆ క్యాడెట్లతో మాట్లాడించండి.