గబ్బిలమూ, కొరమేనూ, మన విమర్శకులూ

మన సాహిత్యంలో ప్రకృతికి ఊరిబయటే చోటు. భావకవులు ఏటిగట్టుకూ అడవికీ పోయి అక్కడ ఓదార్పు వెతుక్కున్నారు. వారిని ఖండించి పట్నానికి వచ్చిన మనం ప్రకృతిని మొత్తంగా వారికే వదిలేసి వచ్చాం. అందుకే మన కథల్లో మిల్లు ఉంటుంది, మిల్లు కూలీ ఉంటాడు, మిల్లు గొట్టం మీద వాలిన గద్ద మాత్రం ఉండదు. ఒకవేళ ఉంటే దాన్ని వెంటనే ప్రతీక చేసేస్తాం.

జాషువా 'గబ్బిలం' (1941) సంగతే చూడండి. కాళిదాసు మేఘంతో పోల్చి, దూతను మార్చిన కొత్తదనాన్ని మెచ్చుకుని విమర్శకులు చేతులు దులుపుకుంటారు. నాకది చాలదు. గబ్బిలం నిజంగానే గుళ్ళలో కాపురముండే జంతువు. కొండగుహలో వేలాడే ప్రాణికి రాతి మండపం ఇంకొక గుహ. మనిషి గుహవంటిది కట్టాడు గనుక అది ఊళ్ళోకి వచ్చింది. గడప దాటే హక్కు ఎవరికుందో ఎవరికి లేదో దానికి పట్టదు. అస్పృశ్యుడైన నాయకుడు అడుగుపెట్టలేని ఆలయంలో అది నిశ్చింతగా తలకిందులుగా వేలాడుతుంది. ఆ కావ్యంలోని కోపానికి బలం అలంకారశాస్త్రం నుంచి వచ్చింది కాదు, ఈ కళ్ళెదుటి వాస్తవం నుంచి వచ్చిందని నా అభిప్రాయం.

చూడకపోవడం ఒక లోపం. చూసి కూడా "ప్రకృతి అన్నిటికీ అలవాటు పడుతుంది లెండి" అని సరిపెట్టుకోవడం అంతకంటె ప్రమాదం. భీమవరంలో యనమదుర్రు డ్రెయిను వంతెన మీద చదువుకున్నవారి నోట ఈ మాట విన్నాను. కింద గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంటుంది. దక్షిణ అమెరికా మొక్క, పూల అందం కోసం దేశదేశాలకూ మోసుకెళ్ళారు. మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. పిలక తెగి కొట్టుకుపోతే అక్కడ మరో దుబ్బు.

చేపల సంగతి ఇంకా గమనించదగ్గది. మురుగు కుళ్ళితే నీటిలో ప్రాణవాయువు తరిగిపోతుంది. అప్పుడు కొరమేనూ, మార్పూ పైకి వచ్చి గాలి గుటక వేసి మళ్ళీ మునుగుతాయి. మొప్పలతోబాటు గాలి పీల్చే ఏర్పాటు వాటికి ఉంది. అది మురుగుకాలువ నేర్పిన విద్య కాదు. వేసవిలో ఇంకిపోయే పల్లపు మడుగుల్లో యుగాల తరబడి రూపొందింది. బొచ్చెకూ శీలావతికీ ఆ ఏర్పాటు లేదు, కనుక అవి చస్తాయి. బతికిన కొరమేనును చూసి మనం మురిసిపోతాం.

ఊరు దాటితే రొయ్యల చెరువులు. అక్కడ రాత్రిళ్ళు ఏరేటర్లు తిరుగుతుంటాయి. ఎగుమతి అయ్యే రొయ్యకు కరెంటు పెట్టి మరీ గాలి అందిస్తారు. నీటికాకి వాలకుండా చెరువుపైన దారాలు కడతారు. ఏ ప్రాణి దేనికి అలవాటు పడాలో ఇక్కడ నిర్ణయిస్తున్నది ప్రకృతి ఒక్కటే కాదని వేరే చెప్పాలా?

ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర 1848లో, మచ్చల తెల్ల చిమ్మటల జాతిలో ఒక నల్లదాన్ని పట్టుకున్నారు. బొగ్గుమసితో చెట్ల బెరళ్ళు నల్లబడ్డాయి. ఆ శతాబ్దం ముగిసేసరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే. మార్క్సిస్టు శాస్త్రవేత్త హాల్డేన్ (1957లో మన దేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసినవాడు) 1924లోనే దీనికి లెక్క కట్టాడు. ఇంత వేగంగా మారాలంటే తెల్లవాటికన్న నల్లవాటి సంతానం సుమారు ఒకటిన్నర రెట్లు మిగిలి ఉండాలన్నాడు. ఏ చిమ్మటా తన రంగు మార్చుకోలేదు. తెల్లవాటిని పిట్టలు ఏరుకు తిన్నాయి, అంతే. 1956లో అక్కడ పొగను అదుపుచేసే చట్టం వచ్చింది. తరవాతి దశాబ్దాల్లో తెల్లవి మళ్ళీ పెరిగాయి.

ఈ లెక్క తెలియని 'అలవాటు' చేపల దగ్గర ఆగదు. మురుగు గట్టున గుడిసెల్లో ఉండేవారిని గురించి కూడా "వాళ్ళకి అలవాటైపోయింది" అంటారు. మన కథకులు కొందరు ఇదే మాటను సానుభూతితో రాస్తున్నారు. కొరమేనుకున్న అవయవం ఆ గుడిసెలోని పిల్లవాడికి లేదు.

పిచ్చుక మాట కూడా చెప్పాలి. మనిషికి అంతగా అలవాటుపడిన పిట్ట మరొకటి లేదు. గోదావరి జిల్లాల్లో చూరుకు వరికంకుల కుచ్చులు కట్టి దాన్ని పిలిచేవారు. పెంకుటిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాక ఆ అలవాటే దానికి ముప్పయింది. ఇప్పుడు కొందరు వరండాల్లో మళ్ళీ కుచ్చులు వేలాడదీస్తున్నారు, మంచిదే. పిచ్చుక వస్తుంది, గింజలు తింటుంది, వెళ్ళిపోతుంది. గుడ్లు పెట్టాలంటే దానికి గోడలో ఒక సందు కావాలి.